ముసురులో మారథాన్: టైమ్ పెట్టుకుని పరిగెత్తడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు మారథాన్ల సీజనూ తుపాన్ల సీజనూ ఒకేసారి వస్తాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. పెద్ద తుపాను ఉంటే రేసు ఉండదు, దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఇబ్బందంతా చిన్న వాతావరణంతోనే. రెండు రోజులు వదలని ముసురు, వాన వెలిశాక ఆవిరి పట్టినట్టుండే ఉక్కపోత, సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. వీటికి రేసు ఆగదు. నాలుగు నెలలు కష్టపడి ఒక టైమ్ అనుకుని వచ్చిన మీరు ఆ పొద్దున ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా సంగతి ముందు చెప్తాను. నాలుగు గంటల్లోపు పూర్తి చేయాలని తయారయ్యాను. 42.195 కిలోమీటర్లకు నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. రాత్రంతా వాన పడి తెల్లారేసరికి వెలిసింది. రోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది. అయినా నేను 5:41 వదల్లేదు. 25వ కిలోమీటరు దాకా వాచ్ చూసుకుని సంతోషపడ్డాను. 32 దగ్గర, శక్తి కోసం మింగే తియ్యటి జెల్ పాకెట్ చింపబోతే తడి వేళ్లకు పట్టు దొరకలేదు. పళ్లతో కొరికి లాగితే సగం జెల్ చేతి మీద పడింది. అది నాక్కుంటూ నడవడం మొదలుపెట్టాను. చివరికి 4:38 అయింది. ఆ రోజు నా ఒంట్లో 4:12 ఉంది. ఆ లెక్క ముందే వేసుకోకపోవడం వల్ల 26 నిమిషాలు పోయాయి.

అందుకే మొదటి పని రేసుకు నెల ముందే చేయండి. ఒక టైమ్ కాకుండా మూడు టైమ్‌లు రాసుకోండి. మొదటిది చల్లటి, గాలి లేని పొద్దున మీరు చేయగలిగేది. రెండోది ముసురు రోజుది. మూడోది ఉక్కపోత మరీ ఎక్కువైతే సరిపెట్టుకునేది. ఈ మూడింటిలో ఏది అనేది రేసు రోజు తెల్లవారుజామున వాతావరణం చూసి తేల్చుకోవాలి. రేసు మధ్యలో, ఊపిరి అందనప్పుడు తేల్చుకునే విషయం కాదది. మొదటి టైమ్ కూడా ఊహించి రాయకండి. నా లెక్క ప్రకారం హాఫ్ మారథాన్, అంటే ఇందులో సగం దూరం, 1:54కి అటూ ఇటూగా పరిగెత్తగలిగినవాళ్లకే 4:00 నిజమైన లక్ష్యం. హాఫ్ రెండు గంటలు పడుతుంటే ఫుల్ నాలుగు గంటల్లో కావడం జరగదు.

మన ఊళ్లలో ఆర్మీ, పోలీసు సెలక్షన్ల కోసం 1600 మీటర్లు పరిగెత్తి ఇటు వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట. తమ్ముడూ, 1600లో మొదటి 400 ఊపు మీద వెళ్లినా చివరి రౌండ్ పళ్లు బిగబట్టి లాగేయొచ్చు. ఇక్కడ మొదటి ఐదు కిలోమీటర్లలో చేసిన తొందర 35 దగ్గర తిరిగొస్తుంది. ఉక్కపోత రోజున అది 28 దగ్గరే వస్తుంది.

ఎన్ని సెకన్లు వదులుకోవాలి?

ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే ఉష్ణోగ్రతతోపాటు డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది. గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె అది. హ్యుమిడిటీ శాతం కన్నా మనకు ఇదే పనికొస్తుంది. ఎండాకాలం పొడిగాలికి మట్టికుండలో నీళ్లు చల్లగా ఉంటాయి, ముసురు పట్టిన రోజు అదే కుండలో నీళ్లు అంత చల్లబడవు. కుండ పైకి ఊరిన నీటిని ఆరబెట్టేంత చోటు గాలిలో ఉండదు మరి. మన ఒళ్లూ అంతే. చెమట కారిపోతుంటుంది, ఆరదు. ఆరకపోతే వేడి దిగదు. లోపలి వేడి దింపడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు పంపుతూ ఉంటే కాళ్లకు అందేది తగ్గుతుంది. అందుకే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

రన్నర్లు చాలాకాలంగా వాడుతున్న ఒక లెక్క ఉంది. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ కూడాలి. అసలు లెక్క ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, మనకు వీలుగా నేను సెల్సియస్‌లోకి మార్చుకున్నాను. మొత్తం 20 లోపుంటే వేగం ఏమీ తగ్గించక్కర్లేదు, కానీ మన తీరంలో ఆ అంకె మీద ఆశ పెట్టుకోకండి. 37 నుంచి 42 మధ్య ఉంటే టైమ్ 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. 43 నుంచి 48 అయితే 3 నుంచి 4.5 శాతం. 48 నుంచి 53 అయితే 4.5 నుంచి 6. అక్కడి నుంచి 59 దాకా 6 నుంచి 8, 64 దాకా 8 నుంచి 10. 64 దాటితే ఆ రోజు టైమ్ కోసం పరిగెత్తొద్దు.

నాలుగు గంటల వాళ్లకు వేసి చూద్దాం. డిసెంబరులో మంచి పొద్దున 20 డిగ్రీలు, డ్యూ పాయింట్ 18 అనుకోండి. మొత్తం 38. రెండున్నర శాతం అంటే ఆరు నిమిషాలు. 4:06కి వెళ్లాలి, కిలోమీటరుకు 5:50. అదే అక్టోబరు ముసురులో 26 డిగ్రీలు, డ్యూ పాయింట్ 25 ఉంటే మొత్తం 51. ఐదు శాతం, అంటే 12 నిమిషాలు. 4:12, కిలోమీటరుకు 5:58. ఒక్కో కిలోమీటరులో 17 సెకన్లు వదులుకోవాలి. మొదట్లో ఆ 17 సెకన్లు వదలాలంటే మనసొప్పదు, అందరూ దాటి పోతుంటారు. పోనివ్వండి.

ఇది చేతకానివాళ్ల లెక్క అనుకుంటే దోహా చూడండి. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో మహిళల మారథాన్‌ను వేడికి భయపడి దాదాపు అర్ధరాత్రి మొదలుపెట్టారు. అప్పుడు కూడా 30 డిగ్రీలు దాటింది, తేమ విపరీతం. బయల్దేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గెలిచిన కెన్యా రన్నర్ రూత్ చెప్నగెటిచ్ టైమ్ 2:32:43. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆమె 2:17:08కి పరిగెత్తింది. పదిహేను నిమిషాలు వదులుకుని బంగారు పతకం తెచ్చుకుంది. చలి వానలోనూ ఇదే కథ. 2018 బోస్టన్ మారథాన్‌లో గడ్డకట్టే చలి, జోరువాన, ఎదురుగాలి. మహిళల్లో గెలిచిన అమెరికా రన్నర్ డెస్ లిండెన్ టైమ్ 2:39:54, ఆమె అప్పటి బెస్ట్ కన్నా 17 నిమిషాలు ఎక్కువ.

వాన పడుతున్నంతసేపు ఒంటి వేడిని వాన నీరే కొంత లాక్కుపోతుంది. అందుకని 22, 23 డిగ్రీల్లో సన్నగా పడే ముసురుకు నేను భయపడను, లెక్కలో వచ్చిన తక్కువ శాతమే తీసుకుంటాను. వాన వెలిసి ఏడున్నరకి ఎండ కాసిందా, ఎక్కువ శాతం తీసుకుంటాను.

వానలో ప్రాక్టీస్ మానకండి

ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో ఎక్కువ దూరం పరిగెత్తే రోజు వాన పడితే దుప్పటి కప్పుకుని పడుకోవడం మనందరికీ అలవాటే. మామూలు ముసురైతే మాత్రం లేచి వెళ్లండి. రేసుకు ముందు కనీసం రెండు లాంగ్ రన్లు తడిలో పూర్తవ్వాలని నేను పట్టుబడతాను. ఏ సాక్సు ఒరుస్తుందో, ఏ బనీను బరువెక్కుతుందో, తడిసిన షూ 20 కిలోమీటర్ల తర్వాత ఎలా ఉంటుందో ఇంకెలాగూ తెలియదు. ఉక్కపోతకు ఒళ్లు అలవాటు పడాలన్నా 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రెండు వారాలూ ఏసీ జిమ్ములో ట్రెడ్‌మిల్ మీద చేసి రేసుకు వస్తే లాభం లేదు.

నేను గార మీదుగా కళింగపట్నం వెళ్లే రోడ్డు మీద చేస్తాను. సముద్రం దగ్గరపడేకొద్దీ గాలి ఎదురొస్తుంది, అదే నాకు కావాలి. విజయనగరం వాళ్లకు రామతీర్థం రోడ్డు ఉంది. ఎక్కడైనా ఒక జాగ్రత్త తీసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటారు. వాన సూచన ఉంటే పైన టార్పాలిన్, చుట్టూ రాళ్లు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు, తడిసిన గడ్డి మీద కాలు సర్రున జారుతుంది. తలకు లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ లేకుండా బయల్దేరకండి. నీళ్లు నిలిచిన చోట దిగొద్దు, కింద గొయ్యి ఉందో కాలువ ఉందో చెప్పలేం. తెగిపడిన కరెంటు తీగ ఉన్నా కనపడదు.

పిడుగుల విషయంలో మాత్రం పట్టుదల పనికిరాదు. ఒకసారి ఆ రోడ్డు మీద 18వ కిలోమీటరులో ఉన్నాను. ధాన్యం రాశి మీద టార్పాలిన్ సర్దుతున్న పెద్దాయన కేకేశాడు. "ఏటి బాబూ, ఈ వానలోన పరుగేటి? పిడుగులు పడతన్నాయి, లోపలికొచ్చీ!" నాకు టైమ్ టెన్షన్. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లాడు. కాసేపటికి ఎదురు పొలంలో ఉరిమిన చప్పుడుకు కిటికీ తలుపులు అదిరాయి. అప్పటి నుంచి ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా బయటికి రాను. చెట్టు కింద నిలబడొద్దు. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ పెట్టుకోండి. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు పరుగు మానేయండి. ఒక్క లాంగ్ రన్ పోతే టైమ్ ఏమీ పోదు.

ఒంటి మీద, కాలికి

కాటన్ బనీను వద్దు. తడిస్తే అరకిలో బరువున్నట్టు వేలాడి చర్మాన్ని ఒరుసుకుంటుంది. పల్చటి పాలియెస్టర్ టీషర్టు చాలు. రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తితే లోపల ఉడికిపోతారు. స్టార్ట్ దగ్గర నిలబడే ముప్పావుగంట కోసం పెద్ద ప్లాస్టిక్ కవరుకు తల, చేతుల దగ్గర కన్నాలు చేసి వేసుకోండి. గంట మోగే ముందు తీసి చెత్తబుట్టలో వేయండి, రోడ్డు మీద పడేస్తే వెనకవాళ్ల కాళ్లకు చుట్టుకుంటుంది. అంచున్న టోపీ తప్పనిసరి. కళ్లలో వాన పడకపోతే సగం చిరాకు తగ్గుతుంది.

చర్మం ఒరుసుకునే చోట్లన్నిటికీ వాజెలిన్ మందంగా పట్టించండి. తొడల లోపల, చంకలు, నడుము పట్టీ దగ్గర, ఆడవాళ్లు బ్రా పట్టీల కింద, మగవాళ్లు చనుమొనల మీద ప్లాస్టర్ కూడా. కొబ్బరినూనె వానకు తొందరగా కొట్టుకుపోతుంది.

అసలు గొడవంతా పాదాలది. రెండు గంటలు తడిలో ఉన్న పాదాన్ని ఎప్పుడైనా గమనించారా? తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, వేలితో నొక్కితే లొత్తపడేంత మెత్తగా ఉంటుంది. ఆ మెత్తటి చర్మం సాక్సు ముడత మీద వేల సార్లు రాసుకుంటే బొబ్బ రాక మానదు. వేళ్ల మధ్యా మడమ వెనకా వాజెలిన్ రాసి, బిగువుగా ఉండే సింథటిక్ సాక్సు వేసుకోండి. గోళ్లు మూడు రోజుల ముందే కత్తిరించండి, ముందురోజు కత్తిరిస్తే అంచులు గుచ్చుకుంటాయి. కొత్త షూ అసలు వద్దు. అడుగు అరిగిన షూ కూడా వద్దు, తడి రోడ్డు మీది తెల్ల గీతలూ స్పీడ్‌బ్రేకర్ రంగూ సబ్బులా జారతాయి.

వాచ్‌ను ఎంతవరకు నమ్మాలి?

చాలామంది టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే. జీపీఎస్ వాచ్ రేసు పూర్తయ్యేసరికి మామూలుగా 42.5 పైనే చూపిస్తుంది. మలుపుల్లో మనం దగ్గరి దారి వదిలి వెడల్పుగా తిరగడం వల్ల కొంత, వాచ్ తప్పు కొంత. అంటే వాచ్‌లో సరిగ్గా 5:58 చూపించినా మీరు నిజానికి కాస్త వెనకబడే ఉంటారు. అందుకని వాచ్ తనంతట తానే కిలోమీటరు లెక్కపెట్టే ఆటో ల్యాప్ తీసేసి, రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు వచ్చినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి. టచ్ స్క్రీన్ లాక్ చేసేయండి, వాన చినుకులకే వాచ్ ఆగిపోయిన సందర్భాలు చూశాను.

స్ప్లిట్లు, అంటే ఏ కిలోమీటరుకు ఎంత టైమ్‌లో చేరాలో, చిన్న కాగితం మీద రాసి, రెండు వైపులా సెలోటేపు అంటించి మణికట్టుకు చుట్టుకోండి. చేతి మీద పెన్నుతో రాస్తే పదో కిలోమీటరుకల్లా కారిపోతుంది. నా పట్టీ మీద రెండు వరుసలుంటాయి. 4:00 వరుసలో 10కి 56:53, 30కి 2:50:38, 40కి 3:47:31. ముసురు వరుసలో, అంటే 4:12కి, 10 దగ్గర 59:43, హాఫ్ దగ్గర 2:06, 30 దగ్గర 2:59:10, 40 దగ్గర 3:58:53. పొద్దున నాలుగింటికి డ్యూ పాయింట్ చూసి, అక్కర్లేని వరుసను నల్ల మార్కర్‌తో కొట్టేస్తాను. కొట్టేశాక ఇక మనసు అటు పోదు.

గాలి రోజున ఒక్కో కిలోమీటరు టైమ్ చూసి కంగారు పడకండి. విశాఖ బీచ్ రోడ్డు సముద్రం వెంబడే ఈశాన్యంగా పోతుంది. ఈశాన్యపు గాలి వీస్తున్న రోజు భీమిలి వైపు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వెనక్కి వచ్చేటప్పుడు తోసే గాలి. ఎదురుగాలిలో పోయినదంతా తిరుగుదారిలో రాదు. వెళ్లేటప్పుడు ఊపిరిని చూసి పరిగెత్తండి, చిన్న వాక్యం మాట్లాడగలిగేలా ఉంటే చాలు. కిలోమీటరుకు 10 సెకన్లు ఎక్కువైనా కానివ్వండి. మీ వేగంతో వెళ్లే ఇద్దరు ముగ్గురిని వెతుక్కుని వాళ్ల వెనక ఒదిగి పరిగెత్తండి. మొత్తం దారి వాళ్ల చాటునే దాక్కోవడం న్యాయం కాదు, కిలోమీటరుకొకరు ముందుకు రండి.

నీళ్లు, ఉప్పు, తిండి

వానలో దాహం తెలియదు, అలాగని భయపడి ప్రతి స్టాల్ దగ్గరా రెండు గ్లాసులు తాగేయకూడదు. ఉప్పు లేకుండా నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, చేతివేళ్లు ఉబ్బడం, తికమక దాని గుర్తులు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. దాహమైనప్పుడు తాగండి. ఓఆర్ఎస్ పాకెట్ లీటరు నీళ్లలో సరైన పాళ్లకు కలిపింది ఒక బాటిల్ దగ్గర పెట్టుకోండి. మనకు బాగా దొరికే కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయే ఉప్పుకు అవి ఒక్కటే సరిపోవు.

తిండి గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్. మధ్యరకం అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. బెల్లం ముక్కలు, ఖర్జూరాలు జిప్ కవర్లో వేసుకోవచ్చు. జెల్ అయితే పాకెట్ మూలను ముందురోజే కత్తెరతో కాస్త గాటు పెట్టండి, నాలాగా పళ్లతో లాగక్కర్లేదు. ముందు రాత్రి మామూలు అన్నం, పప్పు, కాస్త పెరుగు. పొద్దున రెండు మూడు గంటల ముందు ఇడ్లీ. పొట్టకు అలవాటు లేనిది ఏదీ ఆ రోజు మొదలుపెట్టొద్దు.

ఇంకోటి, గట్టిగా చెప్తున్నాను. మోకాలు నొప్పి వస్తుందేమోనని రేసుకు ముందో మధ్యలోనో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకోకండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ల నుంచి డయాలసిస్‌కు తిరిగే మనుషుల్ని చూస్తూనే ఉన్నాం. ఒక టైమ్ కోసం కిడ్నీ పణంగా పెట్టకండి.

రేసులో

మొదటి 5 కిలోమీటర్లు పట్టీ మీదున్న వేగం కన్నా కిలోమీటరుకు 10 సెకన్లు నిదానంగా వెళ్లండి. నీటిగుంటల్ని తప్పించుకోవడానికి అటూ ఇటూ గెంతకండి. కాసేపట్లో షూ ఎలాగూ తడుస్తుంది, ఆ గెంతుల్లో పిక్క పట్టేస్తుంది. అడుగులు పొట్టిగా, పాదం ఒంటి కిందే పడేలా వేయండి. 30 దాకా ముసురు వరుస దాటి ముందుకు పోవద్దు. 30 తర్వాత ఒంట్లో సత్తువ ఉంటే అప్పుడు వేగం పెంచండి. కిలోమీటరుకు 5 సెకన్లు తగ్గించినా చివరికి నిమిషం దొరుకుతుంది.

తల తిరగడం, ఉక్కలో కూడా రోమాలు నిక్కబొడుచుకోవడం, అడుగు తడబడడం, పక్కవాళ్లు అడిగినదానికి పొంతన లేని జవాబివ్వడం, వీటిలో ఏది కనిపించినా ఆగి మెడికల్ టెంటు దగ్గరికి వెళ్లండి. మీకు తెలియకపోవచ్చు, పక్కన పరిగెత్తేవాళ్లలో కనిపిస్తే మీరే చెయ్యి పట్టుకుని ఆపండి. వడదెబ్బ తగిలినవాళ్లను నీడలో పడుకోబెట్టి ఒంటి నిండా చల్లటి నీళ్లు పోయాలి, ఆలస్యం చేయకూడదు.

పూర్తయ్యాక పది నిమిషాల్లోనే వణుకు మొదలవుతుంది. పరిగెత్తుతున్నంతసేపు వేడి పుట్టించిన ఒళ్లు ఆగగానే తడి బట్టల్లో, గాలిలో చల్లబడుతుంది. పొడి తువ్వాలు, టీషర్టు, లుంగీయో ట్రాక్ ప్యాంటో, చెప్పులు ఒక కవర్లో కట్టి ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో ఇచ్చి ఫినిష్ దగ్గర ఉండమనండి. ముందు బట్టలు మార్చుకోండి, ఫొటోలు తర్వాత. వేడి టీ, ఉప్పు తగిలే ఉప్మా లాంటిది ఏదైనా తినండి. ఆ సాయంత్రమే నోటుబుక్కులో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, గాలి ఎటు వీచింది, ఎక్కడ వేగం తగ్గింది రాసుకోండి. పై శాతాలు అందరికీ ఒకటే కావు, రెండు మూడు రేసుల తర్వాత మీ శాతం మీకు తెలుస్తుంది. షూ మాత్రం ఎండలో పెట్టకండి, జిగురు ఊడుతుంది. లోపలి అట్ట తీసి, పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. రాత్రి ఒకసారి పేపర్ మారిస్తే, ఆదివారం రేసైతే మంగళవారానికి ఆరిపోతాయి.